ప్లగ్గులో ఎన్ని ఆంపియర్లు ఉంటాయి?

ఎలక్ట్రానిక్స్ తొలి అడుగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇప్పుడిప్పుడే బ్యాటరీ, తీగ, ఎల్ఈడీ చేతబట్టినవారివి. వాటిలో ఏడింటిని ఇక్కడ తీసుకున్నాను. ప్రశ్నలు వేరువేరుగా ఉన్నా, ప్రతి జవాబులోనూ నేను మిమ్మల్ని ఒకే పని చేయమని అడుగుతాను. కరెంటు ఎక్కడ బయలుదేరి, ఏయే వస్తువుల గుండా వెళ్లి, తిరిగి ఎక్కడికి చేరుతున్నదో కాగితం మీద వేలితో చూపించండి. ఆ దారి స్పష్టంగా కనిపించేవరకు ఏ విడిభాగాన్నీ తప్పుపట్టకండి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారాలు. నేను పటమటలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీని నేరుగా ఆనించాను. ఒక్క క్షణం నారింజ రంగులో బాగా వెలిగి ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. అదే ఎల్ఈడీని ముందురోజు 3 వోల్టుల బిళ్ల బ్యాటరీకి పెట్టినప్పుడు చాలాసేపు వెలిగింది, ఏమీ కాలేదు. షాపులో అడిగితే రెసిస్టరు పెట్టమన్నారు. ఏ విలువది పెట్టాలి? ప్లస్ వైపు పెట్టాలా, మైనస్ వైపు పెట్టాలా?

జవాబు: బాబూ, నువ్వు ఒక ఎల్ఈడీని పోగొట్టుకున్నావు కానీ, రెండు బ్యాటరీలతో రెండు సార్లు చూసి తేడాను గమనించావు. నీ ప్రశ్నకు జవాబు ఆ తేడాలోనే ఉంది.

పాత టార్చిలైటు బల్బులో ఉండే సన్నని తీగ తనంతట తానే కరెంటును అడ్డుకుంటుంది. వోల్టేజి కొంచెం పెరిగితే కరెంటు కూడా కొంచెమే పెరుగుతుంది. పైగా వేడెక్కేకొద్దీ ఆ తీగ మరింతగా అడ్డుకుంటుంది. ఎల్ఈడీ స్వభావం అది కాదు. ఎర్ర ఎల్ఈడీకి ఒక వోల్టు ఇస్తే ఏమీ ప్రవహించదనే చెప్పవచ్చు. సుమారు 2 వోల్టుల దగ్గర అది 10, 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుని హాయిగా వెలుగుతుంది. అక్కడి నుంచి వోల్టులో పదో వంతు పెంచినా కరెంటు నిటారుగా ఎగబాకుతుంది. వేడెక్కితే అదే వోల్టేజి దగ్గర ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. అంటే ఎల్ఈడీకి తనను తాను ఆపుకునే శక్తి లేదు. ఆపేది దారిలో మరొకటి ఉండాలి. ఆ పని చేసేదే రెసిస్టరు; దాని అడ్డుకునే గుణాన్ని నిరోధం అంటారు, దాన్ని ఓములలో కొలుస్తారు. నువ్వు 9 వోల్టుల బ్యాటరీకి ఆనించినప్పుడు ఆ దారిలో తీగలు తప్ప ఏమీ లేవు. రంగు నారింజకు మారడం, లోపలి చిన్న స్ఫటికం భరించలేనంత వేడెక్కిందనడానికి గుర్తు.

మరి బిళ్ల బ్యాటరీతో ఎందుకు కాలిపోలేదు? 3 వోల్టులే కదా అని అనుకోవడం సహజం కానీ, అసలు కారణం అది కాదు. సీఆర్ 2032 వంటి బిళ్ల బ్యాటరీకి లోపలే పది, ఇరవై ఓముల మేర నిరోధం ఉంటుంది, వాడేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. ఎక్కువ కరెంటు లాగబోతే దాని వోల్టేజి అక్కడికక్కడే పడిపోతుంది. నీకు తెలియకుండానే బ్యాటరీ లోపల ఒక రెసిస్టరు నీ ఎల్ఈడీని కాపాడింది. అదే 3 వోల్టులను రెండు మంచి పెన్సిల్ సెల్లులు వరుసగా పెట్టి ఇస్తే, వాటి లోపలి నిరోధం ఒక ఓముకు కూడా లోపే కనుక, ఎర్ర ఎల్ఈడీ ఎక్కువసేపు బతకదు. ఒకే వోల్టేజి, వేరు ఫలితం. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మున్ముందు చాలా చిక్కులు విడిపోతాయి.

ఇక లెక్క. బ్యాటరీ ఇచ్చేది 9 వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ తన వాటాగా ఉంచుకునేది సుమారు 2 వోల్టులు. మిగిలిన 7 వోల్టులను రెసిస్టరు మోయాలి. మనకు 15 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.015 ఆంపియరు చాలు. జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ప్రకారం 7ను 0.015తో భాగిస్తే సుమారు 467 ఓములు వస్తాయి. షాపులో దానికి దగ్గరగా దొరికేది 470 ఓములు. దాని ఒంటి మీద పసుపు, ఊదా, గోధుమ రంగు గీతలు, కొంచెం ఎడంగా బంగారు రంగు గీత ఉంటాయి. పసుపు అంటే 4, ఊదా అంటే 7, మూడో గీత గోధుమ అంటే పక్కన ఒక సున్నా. బంగారు రంగు, విలువలో 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చని చెబుతుంది. ఆ రెసిస్టరులో వేడిగా మారేది 7 వోల్టులను 15 మిల్లీ ఆంపియర్లతో గుణిస్తే వచ్చే 0.1 వాట్ మాత్రమే కనుక మామూలు పావు వాట్ రెసిస్టరు సరిపోతుంది. తెల్ల, నీలం ఎల్ఈడీలు తమ వాటాగా సుమారు 3 వోల్టులు తీసుకుంటాయి, వాటికీ 470 ఓములే పెట్టుకోవచ్చు. నీలం కాంతికి ఎరుపుకన్నా ఎక్కువ శక్తి కావాలి కాబట్టే ఆ ఒక వోల్టు తేడా. ఎర్ర ఎల్ఈడీ 1962లోనే తయారైనా, బాగా వెలిగే నీలం ఎల్ఈడీ రావడానికి 1990ల దాకా పట్టింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్లస్ వైపా, మైనస్ వైపా అన్నావు. ఎటు పెట్టినా ఒకటే. "ముందే అడ్డుకోకపోతే ఎల్ఈడీకి దెబ్బ తగలదా?" అని నీకు అనిపిస్తుంది. ఒక్కటే దారి ఉన్న సర్క్యూట్‌లో ప్రతి చోటా అదే కరెంటు ప్రవహిస్తుంది. ఎల్ఈడీ కొంత తినేసి మిగిలింది రెసిస్టరుకు పంపదు; రెసిస్టరు ముందున్నా వెనకున్నా మొత్తం దారిని ఒకేసారి నెమ్మదింపజేస్తుంది. నమ్మకం కుదరకపోతే రెండు విధాలా పెట్టి చూడు. తరువాత 470 బదులు 1,000, 4,700, 10,000 ఓములు మార్చి మార్చి పెట్టు. 10,000 ఓములతో ఒక మిల్లీ ఆంపియరుకన్నా తక్కువే ప్రవహిస్తున్నా ఎల్ఈడీ వెలుగుతూనే ఉంటుంది. కరెంటు ఇరవై రెట్లు తగ్గినా మన కంటికి వెలుగు ఇరవై రెట్లు తగ్గినట్టు కనిపించదు.

కొత్త ఎల్ఈడీని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఒకసారి లోపలికి చూడు. పొడుగు కాలు ప్లస్. పొట్టి కాలు ఉన్న వైపు గుండ్రటి అంచు కొంచెం చదునుగా కోసినట్టు ఉంటుంది. లోపల రెండు లోహపు ముక్కలు కనిపిస్తాయి. చాలా ఎల్ఈడీలలో వాటిలో పెద్దది చిన్న గిన్నెలా ఉంటుంది, వెలిగే స్ఫటికం ఆ గిన్నెలోనే కూర్చుని ఉంటుంది. అక్కడి నుంచి అవతలి ముక్కకు వెంట్రుకకన్నా సన్నని తీగ ఒకటి వెళుతుంది.

ప్రశ్న: బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా విడిభాగాలు గుచ్చే రంధ్రాల పలక) అంచున ఉన్న ఎర్రగీత వెంట బ్యాటరీ ప్లస్ ఇచ్చాను. బోర్డు ఎడమ సగంలో సర్క్యూట్ పనిచేస్తోంది, కుడి సగంలో ఏమీ రావడం లేదు. బోర్డు చెడిపోయిందా? (లబ్బీపేట నుంచి ఇంటర్ విద్యార్థి)

జవాబు: బోర్డు బాగానే ఉంది. పొడవైన బోర్డులు కొన్నింటిలో అంచు వెంట ఉండే వరుస నడిమధ్యన తెగి ఉంటుంది. ముద్రించిన ఎర్రగీత కూడా అక్కడ ఆగి మళ్లీ మొదలవుతుందేమో చూడండి. చిన్న తీగ ముక్కతో రెండు సగాలను కలిపితే చాలు. లోపలి భాగంలో మాత్రం ఐదేసి రంధ్రాలు ఒక జట్టు. మధ్య గాడికి అవతల ఉన్న ఐదింటితో వాటికి సంబంధం లేదు.

ప్రశ్న: అయ్యా, నాది గుంటూరు కొత్తపేటలో చిన్న దుకాణం. సర్క్యూట్లు నేర్చుకోవాలనే ఆసక్తితో డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను. మా ప్లగ్గులో కరెంటు ఎంత వస్తోందో చూద్దామని ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మీటరు కొసలు రెండూ ప్లగ్గులో పెట్టాను. పెద్ద చప్పుడుతో మెరుపు వచ్చింది, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్) పడిపోయింది, ఒక కొస కరిగింది. మీటరు నాసిరకమా? ప్లగ్గులో ఇంతకీ ఎన్ని ఆంపియర్లు ఉంటాయి?

జవాబు: అయ్యా, ముందుగా మీకు ఏమీ కానందుకు ఎంతో ఊరటగా ఉంది. మీరు చేసినది చాలా ప్రమాదకరమైన పని, ఇకపై ఎప్పుడూ చేయకండి. మీటరు తప్పు ఇందులో లేదు. పొరపాటుకు సగం కారణం మన మాటలోనే ఉందని నేను అనుకుంటాను.

తెలుగులో మనం "కరెంటు ఉంది", "కరెంటు పోయింది", "కరెంటు కొట్టింది", "కరెంటు బిల్లు" అని నాలుగు వేరు వేరు సంగతులకు ఒకే మాట వాడతాం. "కరెంటు ఉంది" అన్నప్పుడు నిజానికి ప్లగ్గులో వోల్టేజి ఉందని అర్థం. "కరెంటు బిల్లు" అన్నప్పుడు మనం వాడుకున్న శక్తికి, అంటే యూనిట్లకు, కట్టే డబ్బు. ఆంపియర్లలో కొలిచే అసలు కరెంటు ఏదో ఒక వస్తువు తగిలించి స్విచ్ వేసినప్పుడే మొదలవుతుంది. ఏమీ తగిలించని ప్లగ్గులో వోల్టులు 230, ఆంపియర్లు సున్నా.

మన ప్రాంతంలో వరదల కాలంలో పత్రికలు ప్రకాశం బ్యారేజీ గురించి రెండు అంకెలు వేరువేరుగా వేస్తాయి: నీటిమట్టం ఇన్ని అడుగులు, దిగువకు వదులుతున్నది ఇన్ని క్యూసెక్కులు. 2024 సెప్టెంబరు మొదట్లో అక్కడ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన సంగతి మనకు ఇంకా గుర్తే. గేట్లన్నీ మూసి ఉన్న వేసవి రోజున బ్యారేజీ వెనక అడుగులు ఉంటాయి, గేట్ల కింద క్యూసెక్కులు ఉండవు. "బ్యారేజీలో ఎన్ని క్యూసెక్కులు నిలవ ఉన్నాయి" అని కృష్ణ ఒడ్డున పెరిగినవారెవరూ అడగరు. వోల్టులు అడుగుల వంటివి, ఆంపియర్లు క్యూసెక్కుల వంటివి. గేటు ఎంత తెరిచారన్నదాన్ని బట్టి ప్రవాహం ఉన్నట్టే, తగిలించిన వస్తువు నిరోధాన్ని బట్టి ఆంపియర్లు ఉంటాయి.

ఇప్పుడు మీ మీటరు సంగతి. ఆంపియర్లు కొలిచే మీటరు కరెంటు దారి మధ్యలో కూర్చోవాలి. తన వల్ల ఆ దారి మారకూడదు కనుక దాని సొంత నిరోధం దాదాపు సున్నా ఉండేట్టు తయారుచేస్తారు. అంటే ఆ స్థితిలో మీటరు ఒక మందపాటి తీగ ముక్కే. మీరు ప్లగ్గు రెండు రంధ్రాలనూ ఒక తీగతో కలిపేశారు. అదృష్టవశాత్తు ఎంసీబీ తన పని తాను చేసింది. పాత ఇళ్లలో ఫ్యూజు కట్టెకు మాటిమాటికీ పోతోందని మందపాటి రాగి తీగ చుట్టి వదిలేస్తుంటారు. అటువంటి చోట ఇదే పని చేసి ఉంటే ఆ మంట మీ చేతిలోనే కొనసాగేది. చౌకగా దొరికే మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి లోపల ఫ్యూజు కూడా ఉండదు. ఆ సంగతి రంధ్రం పక్కనే చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ముద్రించి ఉంటుంది. పైగా వాటిలో ఆ రంధ్రం డీసీకి, అంటే బ్యాటరీ ఇచ్చేలా ఒకే దిశలో పారే కరెంటుకు మాత్రమే. కరిగిన కొసలున్న తీగలను పారవేయండి. కొత్తవి కొనుక్కుని, ఆ మీటరును ఇక బ్యాటరీ సర్క్యూట్లకు మాత్రమే వాడుకోండి.

ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు తీసుకుంటుందో తెలుసుకోవాలన్న మీ కోరిక మాత్రం మంచిది. దానికి మీటరే అక్కరలేదు. వస్తువు మీద ఉన్న వాట్లను 230తో భాగించండి. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె సుమారు 4.3 ఆంపియర్లు, 2,000 వాట్ల గీజరు 8.7, పాత సీలింగు ఫ్యాను 75 వాట్ల లెక్కన మూడో వంతు ఆంపియరు, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు లెక్కకు 40 మిల్లీ ఆంపియర్లు. ఫ్యానులో, ఎల్ఈడీ బల్బులో నిజంగా ప్రవహించేది దీనికన్నా కొంత ఎక్కువ ఉంటుంది, తొలి లెక్కకు ఇది చాలు. ప్లగ్గు మీద రాసే 6 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అనేవి అది ఇచ్చే కరెంటు కాదు, భరించగలిగే గరిష్ఠ హద్దు. అందుకే గీజరును చిన్న ప్లగ్గుకు తగిలించకూడదు. కొలిచే తీరాలనుకుంటే క్లాంపు మీటరు ఉంటుంది, తీగను తెంచకుండా దాని చుట్టూ పట్టకారులా పట్టుకుంటుంది. అయితే రెండు తీగలూ ఉన్న కేబులు మొత్తాన్ని పడితే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే వెళ్లేది, వచ్చేది సమానమై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క తీగనే పట్టాలి. ఆ పని ఇంటి ఎలక్ట్రీషియను చేతనే చేయించండి.

ఆంపియర్లు కొలవడం నేర్చుకోవడానికి పైన పటమట విద్యార్థికి చెప్పిన ఎల్ఈడీ సర్క్యూట్ చాలు. బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే తీగను విడదీసి, ఆ ఖాళీలో మీటరు రెండు కొసలనూ పెట్టండి. సుమారు 15 మిల్లీ ఆంపియర్లు కనిపిస్తాయి. అదే మీటరును రెసిస్టరుకు అవతల పెట్టినా అదే అంకె వస్తుంది. పని ముగిసిన వెంటనే ఎర్ర తీగను ఆంపియర్ల రంధ్రంలోంచి తీసి వోల్టుల రంధ్రంలో పెట్టేయండి. నేను ల్యాబులో చూసిన మీటరు ప్రమాదాలలో ఎక్కువ భాగం నిన్నటి తీగను ఇవాళ చూసుకోకపోవడం వల్ల జరిగినవే.

ప్రశ్న: దసరాకు గుమ్మానికి కట్టే పాత సీరియల్ సెట్టులో ఒక్క చిన్న బల్బు పోతే మొత్తం ఆరిపోతుంది. ఇంట్లో ఒక ట్యూబులైటు పోతే మిగిలినవి వెలుగుతూనే ఉంటాయి కదా. మా వాడు పోయిన బల్బును తీసేసి ఆ రెండు తీగలూ మెలిపెట్టి కలిపేస్తే మళ్లీ వెలిగింది. అలా చేయవచ్చా? (సత్యనారాయణపురం నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ఇంట్లో ప్రతి దీపానికీ 230 వోల్టుల దగ్గరి నుంచి విడిగా ఒక దారి ఉంటుంది. ఒక దారి తెగితే మిగతావాటికి సంబంధం లేదు. దీన్ని ప్యారలల్ అంటారు. మీ సీరియల్ సెట్టులో దారి ఒక్కటే, దీన్ని సీరీస్ అంటారు. మొదటి బల్బులోంచి వెళ్లిన కరెంటే చివరి బల్బు దాకా వెళ్లాలి. 6 వోల్టుల బల్బులు సుమారు 38 వరుసగా కలిపితే 230 వోల్టులను అవి తలా కొంచెం పంచుకుంటాయి. ఒకటి తెగితే దారే లేదు.

మీ అబ్బాయి చేసిన పని వల్ల ఆ వాటా మిగిలిన 37 బల్బుల మీద పడింది. ఒకటి తగ్గితే తేడా తెలియదు. నాలుగైదు అలా కలిపేస్తే ఒక్కొక్క బల్బు మీద 7 వోల్టుల దాకా పడి, అవి మరింత వెలిగి త్వరగా పోతాయి. పోయినవాటిని అలా కలిపేసినకొద్దీ మిగతావాటి మీద ఇంకా పడుతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది, దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. "6 వోల్టుల బల్బే కదా, ఏం చేస్తుంది" అని స్విచ్ తీయకుండా ఖాళీ హోల్డరులో వేలు పెట్టేవారు ఉన్నారు. బల్బులన్నీ వెలుగుతున్నప్పుడే ఒక్కొక్కదాని దగ్గర 6 వోల్టులు. ఒకటి తీసేయగానే కరెంటు ఆగిపోతుంది, మిగిలిన బల్బులు తమ వాటా మోయడం మానేస్తాయి, అప్పుడు మొత్తం 230 వోల్టులూ ఆ ఖాళీ చోట రెండు కొసల మధ్య నిలబడి ఉంటాయి. ప్లగ్గు పూర్తిగా పీకిన తరువాతే సెట్టు మీద చేయి వేయాలి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే కొన్ని ఇళ్లలో వైరింగు తారుమారై స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగివెళ్లే తీగ) వైపు ఉంటుంది. ఇప్పటి ఎల్ఈడీ సెట్లలో చాలావాటికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వాటిలోనూ దీపాలు చిన్నవే కానీ తీగ నేరుగా 230 వోల్టులకు కలిసి ఉంటుంది.

సీరీస్ మాట వచ్చింది కనుక ఒక మాట. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు వన్ టౌన్‌లో రేడియోలు బాగుచేసే ఒక దుకాణంలో సాయంత్రాలు కూర్చునేవాణ్ణి. అక్కడ గోడకు ఒక సీరీస్ బోర్డు ఉండేది, అంటే 100 వాట్ల ఫిలమెంటు బల్బును ప్లగ్గుతో వరుసగా కలిపిన చెక్క. బాగుచేసిన ఏ రేడియోనైనా ముందు దానికే తగిలించేవారు. రేడియోలో షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగేది, ఏమీ పేలేది కాదు. దారిలో బల్బు ఉన్నందున అర ఆంపియరుకు మించి ప్రవహించే వీలే లేదు. షార్టు లేకపోతే బల్బు మసకగా వెలిగి, రేడియో పలికేది. పటమట అబ్బాయి 470 ఓములు చేసే పనీ, ఆ బల్బు చేసే పనీ ఒక్కటే.

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే నిరోధం తగ్గే విడిభాగం), బీసీ 547 ట్రాన్సిస్టరుతో చీకటి పడితే వెలిగే దీపం కట్టాను. 9 వోల్టుల ప్లస్ నుంచి 47 కిలో ఓముల రెసిస్టరు బేసుకు, బేసు నుంచి ఎల్‌డీఆర్ మైనస్‌కు, ఎమిటర్ మైనస్‌కు, కలెక్టర్ వైపు 470 ఓములు, తెల్ల ఎల్ఈడీ. ఎల్‌డీఆర్‌ను వేలితో మూస్తే ఎల్ఈడీ బాగా వెలుగుతోంది. గదిలో దీపం ఆర్పితే మాత్రం మసకగా వెలుగుతోంది. ట్రాన్సిస్టరు చెడిందని స్నేహితురాలు చెబితే మూడు మార్చాను. చివరికి 2ఎన్ 3904 పెడితే అసలు సరిగా పనిచేయలేదు. తప్పు ఎక్కడుంది?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే వేలితో మూసినప్పుడు ఒక రకంగా, దీపం ఆర్పినప్పుడు ఒక రకంగా ఉందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే తప్పు ఎక్కడుందో చెప్పేసింది. ట్రాన్సిస్టర్లు మూడూ మంచివే.

ముందు సర్క్యూట్ ఏం చేస్తుందో చూద్దాం. ట్రాన్సిస్టరుకు మూడు కాళ్లు: బేసుకు అందే చిన్న కరెంటు, కలెక్టర్ నుంచి ఎమిటర్ వైపు వెళ్లే పెద్ద కరెంటుకు తలుపు తెరుస్తుంది. 47 కిలో ఓముల రెసిస్టరు, ఎల్‌డీఆర్ కలిసి 9 వోల్టులను పంచుకుంటాయి, ఎల్‌డీఆర్ దగ్గర మిగిలే వాటాయే బేసుకు అందుతుంది. వెలుతురులో ఎల్‌డీఆర్ నిరోధం తక్కువ కాబట్టి వాటా చిన్నది. బేసు దగ్గర సుమారు 0.6 వోల్టు చేరేవరకు ట్రాన్సిస్టరు తలుపు తెరవదు. లెక్క వేస్తే, ఎల్‌డీఆర్ నిరోధం సుమారు 3.4 కిలో ఓములు దాటినప్పుడు ఆ 0.6 వోల్టు వస్తుంది. చీకటిలో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది, తలుపు బాగా తెరుచుకుంటుంది, ఎల్ఈడీ వెలుగుతుంది. బాగానే ఉంది.

కానీ మీ ఎల్ఈడీ బ్రెడ్‌బోర్డు మీద ఎల్‌డీఆర్‌కు ఎంత దూరంలో ఉంది? అంగుళం దూరంలో ఉండి ఉంటుందని నా నమ్మకం. గది చీకటయింది, ఎల్ఈడీ వెలగబోయింది, ఆ వెలుగే ఎల్‌డీఆర్ మీద పడింది, దానికి తెల్లవారినట్టే అనిపించింది, నిరోధం తగ్గింది, ట్రాన్సిస్టరు తలుపు సగం మూసింది. పూర్తిగా మూస్తే మళ్లీ చీకటి, మళ్లీ తెరవాలి. ఈ రెండింటి మధ్య ఒకచోట సర్దుకుని మసకగా నిలిచిపోయింది. వేలితో మూసినప్పుడు ఎల్ఈడీ వెలుగు కూడా ఎల్‌డీఆర్‌కు అందదు కనుక నిండుగా వెలిగింది. పాత బాల్‌పెన్ను గొట్టాన్ని అర అంగుళం కోసి, నల్ల టేపు చుట్టి ఎల్‌డీఆర్‌కు తొడగండి, దాని మూతి ఎల్ఈడీ వైపు కాక కిటికీ వైపు తిప్పండి. వీధిదీపాలకు ఇటువంటి సెన్సరును అమర్చేటప్పుడు దీపానికి పైన, ఆకాశం వైపు చూసేలా పెట్టేది ఇందుకే.

2ఎన్ 3904 సంగతి వేరు. చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే బీసీ 547కు ఎడమ నుంచి కలెక్టర్, బేసు, ఎమిటర్. 2ఎన్ 3904కు ఎడమ నుంచి ఎమిటర్, బేసు, కలెక్టర్. పాత రంధ్రాలలోనే పెట్టి ఉంటారు, తలకిందులైంది. చదునైన ముఖం అటు తిప్పి పెడితే అదీ పనిచేస్తుంది.

ఏ వేళకు వెలగాలో మీరే నిర్ణయించుకోవాలంటే 47 కిలో ఓముల స్థానంలో 10 కిలో ఓముల రెసిస్టరునూ, దానితో వరుసగా, తిప్పి విలువ మార్చుకునే రెసిస్టరైన 100 కిలో ఓముల ప్రీసెట్‌నూ పెట్టండి. ప్రీసెట్ ఒక్కటే పెడితే, తిప్పుతూ తిప్పుతూ సున్నాకు చేరినప్పుడు 9 వోల్టులూ నేరుగా బేసు మీద పడి ట్రాన్సిస్టరు నిజంగానే పోతుంది. ఆ 10 కిలో ఓములు కాపలా కోసం.

ప్రశ్న: ప్రతిసారీ 9 వోల్టుల బ్యాటరీ కొనలేకపోతున్నాను. పాత ఫోను చార్జరును వాడవచ్చా? (మొగల్రాజపురం నుంచి డిగ్రీ విద్యార్థి)

జవాబు: పేరున్న తయారీదారుది, పైతొడుగు పగలనిది అయితే వాడవచ్చు. దాని యూఎస్‌బీ తీగను కోస్తే లోపల మామూలుగా ఎర్ర తీగ 5 వోల్టుల ప్లస్, నల్లది మైనస్. మీటరుతో ఒకసారి చూసుకోండి. 5 వోల్టులకు ఎర్ర ఎల్ఈడీతో 220 ఓములు సరిపోతాయి. ఊరూపేరూ లేని చౌక చార్జర్లలో 230 వోల్టుల వైపునూ 5 వోల్టుల వైపునూ వేరుచేసే కట్టుదిట్టం సరిగా ఉండదు కనుక, చేత్తో తాకే సర్క్యూట్లకు వాటిని దగ్గరకు రానీయకండి. ఆ డబ్బుతో నాలుగు పెన్సిల్ సెల్లులు పట్టే డబ్బా కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: నేను టంకం వేస్తే చిన్న ముత్యంలా గుండ్రంగా ముద్దకడుతోంది. కాసేపు సర్క్యూట్ పనిచేస్తుంది, బోర్డును కదిపితే ఆగిపోతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వాడుతున్నాను. (గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: షాపుల్లో టంకం తీగను లెడ్ అనే పిలుస్తారు. మీరు కరిగిన లెడ్‌ను ఐరన్ కొసతో తీసుకెళ్లి అతుకు మీద పూస్తున్నారని ఆ ముత్యమే చెబుతోంది. అలా చేస్తే దారిలోనే ఫ్లక్స్ (టంకం అంటుకునేలా లోహాన్ని శుభ్రపరిచే పదార్థం) ఆవిరైపోతుంది, కింద ఉన్న రాగి చల్లగానే ఉంటుంది, చల్లని రాగికి టంకం అంటుకోదు. మెకానిక్కులు దీన్నే డ్రై సోల్డర్ అంటారు. ఐరన్ కొసను విడిభాగం కాలికీ, బోర్డు మీది రాగి చుక్కకీ ఒకేసారి ఆనించి రెండు సెకన్లు ఆగండి. ఆ తరువాత లెడ్ తీగను ఐరన్‌కు కాకుండా అవతలి వైపు నుంచి ఆ కాలికే తాకించండి. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న మామూలు టంకం 190 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది కనుక, వేడెక్కిన కాలు దాన్ని తనంతట తానే పీల్చుకుంటుంది. ముందు లెడ్ తీయండి, తరువాత ఐరన్ తీయండి, గట్టిపడేదాకా బోర్డును కదపకండి. సరైన అతుకు కొండపల్లి కొండ వాలులా, అడుగున వెడల్పై, పైకి పోయేకొద్దీ కాలిని కరుచుకుంటూ నున్నగా మెరుస్తుంది. ఇప్పటికే వేసిన ముత్యాలన్నింటి మీదా కొంచెం ఫ్లక్స్ రాసి మళ్లీ వేడిచేస్తే చాలావరకు దారికి వస్తాయి. గదిలో కిటికీ తెరిచి ఉంచండి. లెడ్‌లో సీసం ఉంటుంది కనుక పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముందు కూర్చోండి.